ఇల్లు లెక్కకొచ్చింది, ఇంటి చాకిరీ రాలేదు

వాడుకునే వస్తువుల్ని పర్యావరణానికి హాని చెయ్యకుండా తయారుచెయ్యడం ఎలా అన్న విషయం మీద ఒక ఏడాదిగా దొరికినవన్నీ చదువుతున్నాను. డిజైన్ కోర్సు పిల్లలకి స్త్రీవాదం మీద నాలుగు క్లాసులు చెప్పమంటే ఒప్పుకున్నందుకు వచ్చిన తంటా ఇది. నేను కథలూ కవితలూ పాఠం చెప్పుకునేదాన్ని. సబ్బుల కంపెనీల నివేదికలు, ప్లాస్టిక్ చెత్త మీద ప్రభుత్వ నిబంధనలు, ఫ్యాక్టరీల విజయగాథలు ముందేసుకుని కూచుంటే మొదట నిద్రొచ్చింది. పది పేజీలు దాటాక నిద్ర ఎగిరిపోయింది. ఇవీ కథనాలే. వీటిలోనూ నాయకులున్నారు, సంఘర్షణ ఉంది, సుఖాంతం ఉంది. కథలో ఎవరికి పేరుంది, ఎవరికి లేదు, ఎవరు చేసే పని కర్త లేని వాక్యంలో మాయమైపోయింది అని వెతకడం మనకి కొత్తేమీ కాదు కదా. ఆ కళ్ళతోనే వీటినీ చదివాను.

ముందు ఆ మాట సంగతి. ‘సస్టైనబిలిటీ’ని తెలుగులో సుస్థిరత అంటున్నారు. ఆ మాట వినగానే ఉన్నచోటు నుంచి కదలనిదేదో గుర్తొస్తుంది నాకు. ఆ అర్థంలో చూస్తే మన ఇళ్ళలో అన్నిటికన్నా సుస్థిరమైనది స్త్రీల చాకిరీయే. పొయ్యి మారింది, రోలు పోయి మిక్సీ వచ్చింది, చాకలిబండ పోయి వాషింగ్ మెషిన్ వచ్చింది. చాకిరీ మాత్రం ఉన్నచోటే ఉంది. 2019లో కేంద్ర ప్రభుత్వం చేయించిన కాలవినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు దానికే ఖర్చుపెడుతున్నారని తేలింది. ఇంటిపని చేసే మగవాళ్ళ సగటు 97 నిమిషాలు. మళ్ళీ 2024లో లెక్కేస్తే స్త్రీలకి 289, మగవాళ్ళకి 88. అయిదేళ్ళలో ఆడవాళ్ళకి పది నిమిషాలు తగ్గితే మగవాళ్ళకి తొమ్మిది నిమిషాలు తగ్గింది!

వస్తువులు మారినా ఈ పని ఎందుకు తరగడం లేదన్న ప్రశ్నకి రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే అమెరికన్ చరిత్రకారిణి 1983లోనే ఒక పుస్తకం మొత్తం సమాధానంగా రాసింది. పేరు ‘మోర్ వర్క్ ఫర్ మదర్’. అమ్మకి మరింత పని అన్నమాట. ఇనప పొయ్యి వచ్చాక కట్టెల ఖర్చు తగ్గింది. కట్టెలు కొట్టడం మగవాళ్ళ పని కాబట్టి వాళ్ళకి పని తగ్గింది. ఒకే కుండలో ఉడికే భోజనం పోయి ఒకేసారి నాలుగు రకాలు వండగలిగే వీలొచ్చింది కాబట్టి ఆడవాళ్ళకి పని పెరిగింది. మిల్లు పిండి వచ్చి ధాన్యం దంచి పిండి చేసే పని నుంచి మగవాళ్ళనీ మగపిల్లల్నీ తప్పించింది. తెల్లపిండితో రొట్టెలూ కేకులూ చెయ్యాల్సిన పని మాత్రం ఆడవాళ్ళ మీద పడింది. ఇంక వాషింగ్ మెషిన్. అంతకుముందు బట్టలుతికే లాండ్రీలకో ఉతికేమనిషికో వెళ్ళిన పని తిరిగి ఇంట్లోకొచ్చింది, దానితోపాటు శుభ్రత ప్రమాణాలూ పెరిగాయి. కోవన్ యంత్రాలని తిట్టలేదు. నీళ్ళు మోసుకొచ్చే బతుకు కన్నా కొళాయి బతుకు మేలని ఆమెకి బాగా తెలుసు. ఒక వస్తువు ఇంట్లోకి వచ్చినప్పుడు ఎవరి పని తగ్గింది, ఎవరి పని పెరిగింది అని వేరువేరుగా లెక్కెయ్యమంటుంది, అంతే. (చాకలి వృత్తి, కులం, వాషింగ్ మెషిన్ల మధ్య సంబంధం మీద మన దగ్గర ఇలాంటి పుస్తకం ఒకటి రావాలి. అది వేరే వ్యాసం.)

ఈ పుస్తకం పక్కన పెట్టుకుని పర్యావరణ డిజైన్ రంగంలో చాలామంది తలకెత్తుకునే ‘క్రేడిల్ టు క్రేడిల్’ చదివాను. 2002లో వచ్చింది. విలియం మెక్‌డొనో భవనాల శిల్పి, మైఖేల్ బ్రౌన్‌గార్ట్ రసాయన శాస్త్రవేత్త. వస్తువు పుట్టి, వాడబడి, చెత్తకుప్పలో చచ్చే పద్ధతి వద్దంటారు వాళ్ళు. తయారైన ప్రతి వస్తువూ చివరికి మట్టికి ఎరువుగానో, ఫ్యాక్టరీకి ముడిసరుకుగానో తిరిగిపోవాలంటారు. తక్కువ చెడు చెయ్యడం మంచి చెయ్యడం కాదన్న వాళ్ళ వాదన నాకు నచ్చింది. కాలుష్యం అన్నది డిజైన్‌లో జరిగిన లోపమే గాని వినియోగదారుల పాపం కాదని ఇంత గట్టిగా చెప్పినవాళ్ళు తక్కువ.

అందులో స్విట్జర్లాండ్‌లోని ఒక బట్టల మిల్లు కథ ఉంది. కుర్చీల మీద వేసే గుడ్డ నేసే మిల్లు అది. కత్తిరింపుల్లో మిగిలిన ముక్కల్ని ప్రమాదకరమైన చెత్తగా ప్రభుత్వం లెక్కకట్టింది. అప్పుడు వీళ్ళిద్దరూ ఊలు, రామీ నారలతో కొత్త గుడ్డ తయారుచేయించారు. రంగుల కోసం 60 రసాయన కంపెనీలని అడిగితే ఒక్కటే తన రసాయనాల వివరాలు చూపించడానికి ఒప్పుకుంది. బట్టల పరిశ్రమలో వాడే సుమారు 8,000 రసాయనాలని వడపోసి, 38 మాత్రమే ఉంచారు. తర్వాత తనిఖీవాళ్ళు వచ్చి చూస్తే ఫ్యాక్టరీలోకి వెళ్ళే నీళ్ళు ఎంత శుభ్రంగా ఉన్నాయో బయటికొచ్చే నీళ్ళూ అంత శుభ్రంగా ఉన్నాయట. పనివాళ్ళకి చేతి తొడుగులూ, ముక్కు మాస్కులూ అక్కర్లేకుండా పోయాయట. మిగిలిన ముక్కలు తోటల్లో మొక్కల మొదళ్ళకి కప్పడానికి పనికొచ్చాయి.

మంచి కథ ఇది, కల్పన కాదు, జరిగింది. తయారయ్యాక శుభ్రం చెయ్యడం కాదు, తయారీ గదిలోనే విషాన్ని ఆపెయ్యడం. పనివాళ్ళ చేతుల్నీ ఊపిరితిత్తుల్నీ లెక్కలోకి తీసుకోవడం. అయితే ఫ్యాక్టరీ గేటు దాటాక ఈ పుస్తకం భాష మారిపోతుంది. వస్తువు ‘తిరిగి చేరుతుంది’, పదార్థాలు ‘సేకరించబడతాయి’, ‘వేరు చెయ్యబడతాయి’ అన్న ధోరణిలో సాగుతుంది. ఎవరు చేరుస్తారు? ఎవరు ఏరతారు? ఇంట్లో డబ్బాని కడిగి, ఆరబెట్టి, మూత వేరుచేసి, మంగళవారం వచ్చే బండికోసం దాచిపెట్టేది ఎవరు? మిల్లులో చేతి తొడుగులు తీసేసిన పనివాళ్ళు కథలో ఉన్నారు. చేతి తొడుగులు లేకుండా కుప్పలో చెయ్యిపెట్టే ఆడమనిషికి ఆ వలయంలో స్థానమేమిటో నాకు దొరకలేదు.

ఆ పుస్తకం కాయితం మీద అచ్చువెయ్యలేదు. చెట్లు నరకకూడదని, మళ్ళీ కరిగించి వాడుకునే ప్లాస్టిక్ పేజీల మీద వేశారు. నీళ్ళలో తడిసినా ఏమీ కాదు. అమెరికా నుంచి వస్తూ ఒక స్నేహితురాలు తెచ్చిన ప్రతి నా దగ్గరుంది. ఓసారి పాత పేపర్లు కొనే అతను వస్తే సరదాకి చూపించి, ఇది ఏ లెక్కలో తీసుకుంటావని అడిగాను. రెండు పేజీలు వేళ్ళ మధ్య రుద్ది చూశాడు. “ఇది కాయితమూ కాదు, ప్లాస్టిక్ డబ్బా రకమూ కాదమ్మా. దీన్నెవరూ కొనరు, మీరే ఉంచుకోండి” అన్నాడు. ఒక వస్తువు తిరిగి ఎక్కడికి చేరుతుందో నిర్ణయించేది దాని రసాయనం ఒక్కటే కాదు, దాన్ని చేత్తో తూచి ధర కట్టే మనుషులు కూడా. వాళ్ళని డిజైన్ గదిలోకి ఎవరూ పిలవలేదు.

కంపెనీల సంగతికొస్తే నేను యూనిలీవర్ నివేదికల మీదే ఎక్కువ కాలం కూచున్నాను. మన దేశంలో హిందుస్థాన్ యూనిలీవర్‌గా ఉన్నది దాని శాఖే. మన స్నానాల గదుల్లో దాని సామాను ఉంటుందన్నది ఒక కారణం, అందరికన్నా వివరంగా రాసుకున్నది వాళ్ళే అన్నది రెండో కారణం. 2010 నవంబరులో ప్రకటించిన ‘సస్టైనబుల్ లివింగ్ ప్లాన్’లో, 2020 కల్లా తమ వస్తువుల తయారీ, వాడకాల వల్ల పర్యావరణం మీద పడే భారాన్ని సగానికి తగ్గిస్తామన్నారు. ఆ లెక్కలు వేస్తున్నప్పుడు ఒక విషయం బయటపడింది. వాళ్ళ వస్తువుల వల్ల గాలిలోకి చేరే వేడి వాయువుల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఫ్యాక్టరీలో పుట్టడం లేదు, లారీల్లో పుట్టడం లేదు. వాడేవాళ్ళ ఇళ్ళలో పుడుతున్నాయి. స్నానానికీ తలంటుకీ బట్టలకీ కాచే వేణ్ణీళ్ళ వల్ల.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఇన్నేళ్ళ స్త్రీవాద పోరాటం ఇల్లు కూడా ఉత్పత్తి జరిగే చోటేనని అరిచి చెబుతూ వచ్చింది. మన విమల ‘వంటిల్లు’ రాసినా, సత్యవతి గారు ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లలుకుతూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలిని చూపించినా, చెప్పింది అదే. ఇప్పుడు ఒక బహుళజాతి కంపెనీ తన లెక్కల పుస్తకం తెరిచి, నిజమే, నా వస్తువు జీవితంలో పెద్దభాగం ఇంట్లోనే గడుస్తోంది అని ఒప్పుకుంది. ఇల్లు లెక్కకొచ్చింది. కాని వచ్చింది నేరస్థలంగా! ఫ్యాక్టరీ లోపలి లక్ష్యాలని కంపెనీ చాలావరకు చేరుకుంది. ఇళ్ళలో వాడకంతో ముడిపడిన లక్ష్యమే చేరలేక, గడువుని 2020 నుంచి 2030కి జరుపుకుంది. నివేదికల స్వరం ఎక్కడా కటువుగా ఉండదు. అయినా చదువుతుంటే, మేం చెయ్యాల్సింది చేశాం, మీ అలవాట్లే మారడం లేదు అన్నట్టే వినబడుతుంది.

2011లో ఆ కంపెనీయే జనం అలవాట్లు మార్చడానికి ‘ఫైవ్ లీవర్స్ ఫర్ చేంజ్’ అనే చిన్న పుస్తకం వేసింది. లీవర్ అంటే మీట, కంపెనీ పేరూ అదే. చమత్కారం బాగానే ఉంది. కొత్త అలవాటు అర్థమయ్యేలా చెయ్యాలి, సులువు చెయ్యాలి, కోరుకునేలా చెయ్యాలి, ప్రతిఫలం చూపాలి, చివరికి అలవాటుగా నిలబెట్టాలి. ఇవీ అయిదు మీటలు. మీట పట్టుకున్నవాడు ఒకవైపు ఉంటాడు, కదపబడేది మరోవైపు ఉంటుంది. ఆ రెండోవైపు ఉన్నది ఆడమనిషని పుస్తకం చెప్పక్కర్లేదు, బట్టలూ గిన్నెలూ పిల్లల చేతులూ కడిగేదెవరో అందరికీ తెలుసు.

బట్టల సబ్బు నురగ సంగతి తీసుకోండి. నురగ ఎక్కువొస్తే మురికి బాగా పోయినట్టు అని మనకి ఎవరు నేర్పారు? దశాబ్దాల తరబడి ప్రకటనలే నేర్పాయి. తీరా నీళ్ళ కరువు ముంచుకొచ్చాక, తక్కువ నురగతో, తక్కువసార్లు జాడించేలా పొడులు తయారుచేశారు. 2000ల మధ్యకాలంలో రోజుకి రెండు బకెట్ల నీళ్ళు మిగుల్చుకోండి అంటూ సర్ఫ్ ఎక్సెల్ ప్రకటన టీవీలో వచ్చేది, గుర్తుండే ఉంటుంది. మూడుసార్లు జాడించే చోట ఒక్కసారి చాలనే ‘కంఫర్ట్ వన్ రిన్స్’ని ఆసియా దేశాల్లో అమ్మారు. కంపెనీ చేసిందనే కారణంతో వీటిని నేను తీసిపారెయ్యను. మా పిన్ని కాపురం అనంతపురంలో. వేసవిలో బట్టలుతికిన రోజున బోరింగు దగ్గరికి ఎన్ని నడకలో నా కళ్ళతో చూశాను. రెండు బకెట్లు తగ్గడమంటే రెండు నడకలు తగ్గడం, నడుంనొప్పి ఓ పిసరు తగ్గడం. ఒక రసాయన సూత్రం మారిస్తే ఒక స్త్రీ రోజులో అరగంట మిగలొచ్చు. డిజైన్‌కి అంత శక్తి ఉంది కాబట్టే ఇంత పేచీ పెడుతున్నాను.

పేచీ ఎక్కడంటే, ఆ అరగంట ఏ నివేదికలోనూ కనబడదు. మిగిలిన లీటర్లు కనబడతాయి, తగ్గిన కర్బనం గ్రాముల్లో కనబడుతుంది. వస్తువు పుట్టుక నుంచి చివరిదాకా పర్యావరణ భారం లెక్కకట్టే పద్ధతిని లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్ అంటారు. దానికి అంతర్జాతీయ ప్రమాణం ఉంది, ఐఎస్ఓ 14040. లెక్క మొదలెట్టే ముందే ఒక సరిహద్దు గీత గీసుకోవాలి, ఏది లోపల, ఏది బయట అని. నీళ్ళు, కరెంటు, పొడి, ప్యాకెట్టు గీతకి లోపల. ఆ నీళ్ళు తోడి, నానబెట్టి, రుద్ది, జాడించి, పిండి, ఆరేసే మనిషి బయట. ఆర్థిక, సామాజిక విషయాలు సాధారణంగా దీని పరిధిలోకి రావని ఆ ప్రమాణమే చెప్పుకుంటుంది.

సరే, సామాజిక విషయాలకి వేరే లెక్క ఉండాలి కదా అంటారు. ఉంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2009లో సామాజిక లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్‌కి మార్గదర్శకాలు వేసింది. ఒక వస్తువు వల్ల ప్రభావితమయ్యేవాళ్ళని అందులో వర్గాలుగా విడదీశారు: శ్రామికులు, వినియోగదారులు, స్థానిక ప్రజలు, సమాజం, సరఫరా గొలుసులోని ఇతరులు. చదువుతూ చదువుతూ పెన్సిల్ పక్కన పెట్టేశాను. ఇంట్లో బట్టలుతికే ఆమె ఏ వర్గం? ఆమె వినియోగదారు. పొడి తయారుచేసిన మనిషి పనిగంటలు అడుగుతారు, ఆ పొడితో పని చేసిన మనిషి పనిగంటలు అడగరు. ఆమెకి వస్తువు వల్ల ఆరోగ్యం పాడైందా, సరైన సమాచారం ఇచ్చారా అని అడుగుతారు. చాకిరీని శ్రమ కింద కట్టకపోవడం అన్న పాత గొడవ, కొత్త ప్రమాణాల భాషలో మళ్ళీ మన ముందుకొచ్చింది.

సర్ఫ్ ప్రకటనలో లలితాజీ జ్ఞాపకముందా? ఎనభైల్లో టీవీ ఉన్న ఇళ్ళవాళ్ళు మర్చిపోలేరు. చవక వేరు, మంచి బేరం వేరు అని దబాయించి చెప్పే లెక్కల మనిషి. చవగ్గా వచ్చే నిర్మా పౌడరు దెబ్బకి తట్టుకోవడానికి కంపెనీ సృష్టించిన పాత్ర ఆమె. ఇల్లాలికి లెక్కలొచ్చునని కంపెనీలకి నలభై ఏళ్ళ కిందటే తెలుసు. ఆమెని రూపాయల లెక్కలోకి పిలిచారు, ఇప్పుడు లీటర్ల లెక్కలోకీ పిలుస్తున్నారు. గంటల లెక్కలోకి పిలిచినవాళ్ళు లేరు. ఆ లెక్క అసాధ్యమేమీ కాదు. అయిదు కిలోల బట్టలు ఒకసారి ఉతకడానికి ఎన్ని లీటర్లో పట్టిక వేసినవాళ్ళు, పక్కనే ఎన్ని నిమిషాలో, ఎవరివో ఇంకో గడి గీసుకోవచ్చు. కాలవినియోగ సర్వేలు చేసేవాళ్ళకి ఆ పద్ధతులన్నీ తెలిసినవే.

ఈ గడి లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి కుంకుడుకాయలు చాలు. పర్యావరణం గురించి మాట్లాడేవాళ్ళు తరచు మనల్ని వెనక్కి పిలుస్తుంటారు. షాంపూ వద్దు, మన అమ్మమ్మల కుంకుడుకాయలే మేలంటారు. మట్టికి మేలే, అనుమానం లేదు. మా అమ్మకి నలుగురు ఆడపిల్లలు. ఆదివారం పొద్దున్నే కాయలు రాతితో కొట్టి, గింజలు ఏరేసి, వేణ్ణీళ్ళలో నానబెట్టి, పిసికి, వడకట్టి, కళ్ళు మండుతున్నాయని ఏడ్చే నలుగురికీ తలలు రుద్ది, చిక్కు తీసేటప్పటికి మధ్యాహ్నం అయ్యేది. తర్వాత వంట. తన తల ఎప్పుడు పోసుకునేదో నాకు జ్ఞాపకం లేదు. షాంపూ ప్యాకెట్టు వచ్చాక ఆవిడకి ఆదివారం పూట మిగిలింది. ఆ పూటని మట్టికోసం వెనక్కిమ్మని ఆవిడని అడిగే హక్కు నాకు లేదు. ఏ మగ పర్యావరణవేత్తకీ అసలే లేదు.

ఆ ప్యాకెట్టు పుట్టింది మన పొరుగునే, తమిళనాడులోని కడలూరులో. చిన్ని కృష్ణన్ అనే చిన్న వ్యాపారి, తర్వాత ఆయన కొడుకులు, షాంపూని ఒక్కసారికి సరిపడా పొట్లాల్లో అమ్మడం మొదలెట్టారు. ఒక కొడుకు 1983లో పెట్టిన కంపెనీ ‘చిక్’ షాంపూని పల్లెలకి తీసుకుపోయింది. పెద్ద కంపెనీలు ఆ దారినే నడిచాయి. సీసా కొనలేని కూలిమనిషి కూడా రూపాయితో తలంటుకోవచ్చు. ఈ వ్యాపార సూత్రాన్ని సి.కె. ప్రహ్లాద్ 2004లో ‘ద ఫార్చూన్ ఎట్ ద బాటమ్ ఆఫ్ ద పిరమిడ్’లో ప్రపంచానికి పాఠంగా చెప్పారు. ప్యాకింగ్ చెత్త సమస్యని ఆయనా గమనించారు గాని, అది దారిలో పరిష్కారమయ్యే చిక్కుగానే ఆయనకి కనిపించింది. మన నల్గొండ జిల్లాకి ఈ కథలో ప్రత్యేకమైన చోటుంది. 2000ల మొదట్లో హిందుస్థాన్ లీవర్ ‘శక్తి’ పథకాన్ని మొదలుపెట్టింది అక్కడే. పొదుపు సంఘాల స్త్రీలు సబ్బులూ షాంపూ పొట్లాలూ తెచ్చుకుని ఇంటింటికీ తిరిగి అమ్మేవాళ్ళు. కంపెనీ వాళ్ళని ‘శక్తి అమ్మలు’ అంది. అమ్మినవాళ్ళు అమ్మలే, కొన్నవాళ్ళూ అమ్మలే. ఖాళీ పొట్లం ఎక్కడికి పోవాలన్నది మాత్రం ఆ పథకంలో ఎవరి పనీ కాదు.

పొట్లం ఎందుకు ఎక్కడికీ పోలేదో డిజైన్ పిల్లలే నాకు చెప్పారు. పైన అచ్చు నిలవడానికి పాలిస్టర్ పొర, మధ్యలో తేమా గాలీ ఆపడానికి అల్యూమినియం, లోపల వేడికి అతుక్కోవడానికి పాలిథిన్. ఒకదానికొకటి అంటించిన మూడు పొరలు. దేనికదే విడిగా ఉంటే పనికొచ్చేవి, కలిశాక విడదీస్తే గిట్టుబాటు కానివి. క్లాసులో ఒకమ్మాయి చింపిన మూల ఊడిపోకుండా పొట్లానికే అంటిపెట్టుకుని ఉండేలా బొమ్మ గీసింది. ఐరోపాలో 2024 జూలై నుంచి కూల్‌డ్రింకు సీసాల మూతలు సీసాకే అంటుకుని ఉండాలని చట్టం అమలులోకొచ్చింది, ఆ ఊహ అక్కడిది. తెలివైన పిల్ల. తను ఆ బొమ్మని వాళ్ళ వీధిలో చెత్త ఏరే ఆవిడకి చూపించింది. ఆవిడ నవ్వి, మూల ఊడినా ఊడకపోయినా దీన్ని కొనేవాడు లేడమ్మా, నేను వంగను కూడా వంగను అందట.

వంగే ఖరీదు ఆమెకి తెలుసు. నిబంధనలు రాసేవాళ్ళకి ఏం తెలుసో చూద్దాం. 2016 ప్లాస్టిక్ చెత్త నిర్వహణ నిబంధనలు, తిరిగి వాడటానికి పనికిరాని బహుళ పొరల ప్లాస్టిక్‌ని రెండేళ్ళలో ఆపెయ్యాలన్నాయి. ఇంచుమించు మన పొట్లం గురించే ఆ మాట. రెండేళ్ళు నిండాయి. 2018 మార్చిలో సవరణ వచ్చింది. ‘తిరిగి వాడటానికి పనికిరాని’ అన్న చోట, తిరిగి వాడటానికి పనికిరాని, లేదా కాల్చి శక్తి తీసుకోవడానికి వీలుకాని, లేదా మరే ఇతర ఉపయోగమూ లేని ప్లాస్టిక్ అని చేర్చారు. నాలుగు మాటలు. సిమెంటు బట్టీలో మండేదైతే చాలు, ఆ ప్లాస్టిక్‌కి ఉపయోగం ఉన్నట్టే. మండని ప్లాస్టిక్ నేనెక్కడా చూడలేదు. ఒక వాక్యానికి విశేషణాలు తగిలించి దాని ప్రాణం ఎలా తియ్యొచ్చో సాహిత్య విద్యార్థులకి చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. 2022 జూలైలో ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ మీద నిషేధం వచ్చినప్పుడు స్ట్రాలూ చెంచాలూ కప్పులూ జాబితాలో ఉన్నాయి, షాంపూ పొట్లం లేదు.

ప్రత్యామ్నాయం లేక కాదు. కిరాణా కొట్లో నూనె సీసాలో పోయించుకున్న జ్ఞాపకం నా వయసువాళ్ళందరికీ ఉంది. తలంటుకి సరిపడా షాంపూ అలాగే పోయించుకోవచ్చు, రూపాయికే. కొట్టువాడికి పంపు ఎవరివ్వాలి, కొలత ఎవరు చూడాలి, సీసా ఎవరు కడగాలి? చివరి ప్రశ్నకి మాత్రం అందరి దగ్గరా జవాబు సిద్ధంగా ఉంటుంది.

నెలసరి ప్యాడ్ల దగ్గర ఈ విషయమంతా ముడిపడిపోయి కనిపిస్తుంది. గుడ్డముక్కల రోజుల్లోని ఇబ్బందీ, చాటుగా ఆరేసుకోవడాలూ, వాటివల్ల వచ్చే జబ్బులూ మనకి తెలుసు. ప్యాడ్ ఆ బాధ తప్పించింది. పైన ప్లాస్టిక్ పొర, లోపల తేమ పీల్చే పాలిమర్. మట్టిలో కలవదు. దానికి జవాబుగా మళ్ళీ వాడుకునే గుడ్డ ప్యాడ్లూ, అరటినారతో చేసినవీ, సిలికాన్ కప్పులూ వచ్చాయి. నీళ్ళూ, తలుపున్న బాత్‌రూమూ, ఎండలో ఆరేసుకునే స్వేచ్ఛా ఉన్న మా లాంటివాళ్ళకి అవి సుఖంగానే ఉన్నాయి. అవి లేని హాస్టల్ పిల్లకి గుడ్డ ప్యాడే ధర్మమని ఉపన్యాసం చెప్పడం నా వల్ల కాదు. మారాల్సింది ఆ పిల్ల అలవాటా, ఆ వస్తువులోని పాలిమరా?

2016 ఘనవ్యర్థాల నిబంధనలు ఈ ప్రశ్నకి ఒక జవాబిచ్చాయి. ప్యాడ్లు తయారుచేసేవాళ్ళు తిరిగి వాడగల పదార్థాలు ఉపయోగించే ‘అవకాశాన్ని పరిశీలించాలి’, లేదా ఒక్కో ప్యాడ్‌కీ చుట్టి పారెయ్యడానికి ఒక సంచి ఇవ్వాలి. ఎలా చుట్టాలో జనానికి నేర్పాలి. క్రియలు చూడండి. కంపెనీ పరిశీలిస్తుంది, ఇస్తుంది, నేర్పుతుంది. చుట్టేది మనం. విప్పేది ఇంకో స్త్రీ.

ఆ విప్పే స్త్రీలు పుణెలో సంఘం పెట్టుకున్నారు. చెత్త ఏరుకునేవాళ్ళ యూనియన్ 1993లో వచ్చింది, దాని నుంచి 2008లో ‘స్వచ్ఛ్’ అనే సహకార సంఘం పుట్టింది. సభ్యుల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. ఇంటింటి చెత్తా తీసుకుని చేత్తో వేరుచేస్తారు. పాత న్యూస్‌పేపర్లో చుట్టి ఎర్రచుక్క పెట్టండి, మాకు తెలుస్తుంది అని ఇళ్ళవాళ్ళని అడిగారు. అడిగి ఊరుకోలేదు. 2010ల తొలి ఏళ్ళలో ఒకసారి, వాడిపారేసిన ప్యాడ్లని సంచుల్లో మూటలు కట్టి, వాటిని తయారుచేసిన పెద్ద కంపెనీల ఆఫీసులకే పంపించారు. ‘తిరిగి చేరుతుంది’ అన్న కర్త లేని వాక్యానికి కర్తని చేర్చి పంపారు. నేను చదివిన డిజైన్ పుస్తకాల్లో ఎక్కడా ఈ మూటల ప్రస్తావన లేదు. ఈ ఏడాది నా క్లాసులో మొదటి పాఠం వాటి గురించే పెట్టాను.